25 నొక్కితే 553 ఎందుకొస్తోంది: కీప్యాడ్, 16 బై 2 ఎల్‌సీడీ, ఊనో

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న 4 బై 4 మెంబ్రేన్ కీప్యాడ్, వెనక ఐ2సీ బోర్డు (రెండే తీగల మీద డేటా తీసుకునేది) ఉన్న 16 బై 2 ఎల్‌సీడీ, ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. మినీ ప్రాజెక్టుకి నాలుగంకెల పిన్‌తో తెరుచుకునే తలుపు తాళం. నొక్కిన అంకె మొదటి గడిలోనే మారుతోంది, పక్కకు జరగట్లేదు. 25 నొక్కి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపేదాన్ని కంప్యూటర్‌లో చూపే కిటికీలో) చూస్తే 553 అంటోంది. మధ్యమధ్యలో బటన్ నొక్కినా పలకట్లేదు. కీప్యాడ్ పాడైందా, మార్చాలా?

మార్చకండి, అది బాగానే ఉంది. మూడు తప్పులూ స్కెచ్‌లోనే, అంటే మీరు రాసిన ప్రోగ్రామ్‌లోనే ఉన్నాయి. మూడింటికీ కారణాలు వేరువేరు, ఒక్కొక్కటే చూద్దాం. ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. డిస్‌ప్లే అద్దం లాంటిది. అసలు సరుకు ఊనో మెమరీలో ఉండాలి, అద్దంలో దాని నీడ పడాలి.

ముందు 553 సంగతి చూద్దాం, ఎందుకంటే కీప్యాడ్ తప్పు లేదని అదే రుజువు చేస్తోంది. కీప్యాడ్ లైబ్రరీ మీ చేతికిచ్చేది 5 అనే విలువ కాదు, 5 అనే అక్షరం. ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే ఆస్కీ పట్టికలో ఆ అక్షరం నంబరు 53, 2 అనే అక్షరానిది 50. మీ స్కెచ్‌లో పాత సంఖ్యను 10తో గుణించి కొత్త బటన్‌ను కలుపుతున్నారు. మొదట 2 నొక్కారు: 0 ఇంటూ 10, దానికి 50 కలిపితే 50. తర్వాత 5 నొక్కారు: 50 ఇంటూ 10, దానికి 53 కలిపితే 553. ఊనో లెక్క పొల్లుపోకుండా చేసింది. బటన్ విలువలోంచి సున్నా అక్షరాన్ని, అంటే 48ని తీసేసి కలిపితే 25 వస్తుంది. స్కెచ్‌లో 48 అని రాయకుండా సింగిల్ కోట్స్ మధ్య సున్నా రాయండి. ఆరు నెలల తర్వాత చూసినా ఎందుకు తీసేశారో అర్థమవుతుంది.

టైమర్ నిమిషాలో, మోటారు తిరగాల్సిన చుట్లో కీప్యాడ్‌తో తీసుకునేవాళ్లకు ఈ లెక్క కావాలి. వాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఊనోలో ఇంట్ అనే రకం 32767 వరకే పడుతుంది. 40000 నొక్కితే మైనస్ 25536 కనబడుతుంది. ఐదంకెలు వచ్చే చోట లాంగ్ వాడండి.

మీకు మాత్రం ఈ లెక్కే అక్కర్లేదు. పిన్ అనేది సంఖ్య కాదు, నాలుగు అక్షరాల వరస. దాన్ని సంఖ్యగా మారిస్తే 0047కీ 47కీ తేడా పోతుంది, రెండంకెలు నొక్కినా తలుపు తెరుచుకుంటుంది. అంతకన్నా తమాషా ఇంకోటుంది. స్కెచ్‌లో అసలు పిన్‌ను కోట్స్ లేకుండా 0047 అని రాస్తే సీ భాష ముందున్న సున్నాను చూసి దాన్ని ఎనిమిది బేస్ సంఖ్యగా తీసుకుంటుంది. అప్పుడది 39 అయి కూర్చుంటుంది. సరైన పిన్ కొట్టినా తాళం తెరుచుకోక, వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చుతూ రాత్రంతా గడిచిపోతుంది.

కాబట్టి క్యార్ రకంలో, అంటే గడికొక అక్షరం పట్టేలా, ఐదు గడుల అర్రే (వరసగా ఉండే గడులు) ఒకటి పెట్టుకోండి. నాలుగు అంకెలకు, ఐదోది వరస ముగిసిందని చెప్పే నల్ అక్షరానికి. ఆ ఐదోది మర్చిపోతే పక్క మెమరీలో ఉన్న చెత్త కూడా డిస్‌ప్లే మీదకు వచ్చేస్తుంది. ఇప్పటికి ఎన్ని అంకెలు పడ్డాయో లెక్కపెట్టే చిన్న వేరియబుల్ ఒకటి కావాలి, దాన్ని లెక్క అందాం. ఒక్కో బటన్‌కి ఏం జరగాలో చూడండి.

అంకె నొక్కితే ముందు లెక్క 4 కన్నా తక్కువుందా అని అడగాలి. ఉంటే అర్రేలో ఆ స్థానంలో అంకె పెట్టి, డిస్‌ప్లే మీద రెండో వరసలో 6 ప్లస్ లెక్క నిలువుకు కర్సర్ తీసుకెళ్లి ఆ అక్షరం రాసి, లెక్కను ఒకటి పెంచి, అర్రేలో కొత్త స్థానంలో నల్ పెట్టాలి. 6 ఎందుకంటే 16 గడుల్లో 4 అంకెలు మధ్యలో కూర్చోవాలంటే అటు 6, ఇటు 6 వదలాలి. సెట్‌కర్సర్‌లో ముందు నిలువు, తర్వాత వరస వస్తాయి, రెండూ సున్నాతో మొదలవుతాయి. రెండో వరస అంటే 1. ఇది తిరగేసి రాసేవాళ్లు చాలామంది.

స్టార్ నొక్కితే చెరపాలి. లెక్క సున్నా కన్నా ఎక్కువుంటేనే ఒకటి తగ్గించండి. ఈ షరతు లేకపోతే ఖాళీగా ఉన్నప్పుడు స్టార్ నొక్కగానే లెక్క మైనస్‌లోకి పోయి, తర్వాతి అంకె అర్రే బయట ఎక్కడో పడుతుంది. తగ్గించాక ఆ స్థానంలో నల్ పెట్టి, కర్సర్‌ను అక్కడికే తీసుకెళ్లి ఖాళీ అక్షరం ఒకటి రాయండి. ఒక్క గడిని చెరిపే ఆదేశం అంటూ ఎల్‌సీడీకి వేరే ఏమీ లేదు, ఖాళీ రాయడమే చెరపడం.

చేత్తో ఒకసారి నడిపి చూడండి. 2 నొక్కారు: అర్రేలో 2, నల్, లెక్క 1. 5 నొక్కారు: 2, 5, నల్, లెక్క 2. స్టార్: 2, నల్, లెక్క 1, డిస్‌ప్లేలో 5 ఉన్న గడి ఖాళీ. 8 నొక్కారు: 2, 8, నల్, లెక్క 2. కాగితం మీద ఐదు గడులు గీసి ఇలా నడిపితే స్కెచ్ దానంతటదే వచ్చేస్తుంది.

హ్యాష్ నొక్కితే పోల్చి చూడాలి. రెండు క్యార్ అర్రేల మధ్య రెండు ఈక్వల్ గుర్తులు పెడితే పోల్చేది వాటి చిరునామాలనే, లోపలున్న అక్షరాలను కాదు. ఎప్పటికీ తప్పు పిన్ అనే అంటుంది. ఎస్‌టీఆర్‌సీఎంపీ ఫంక్షన్ వాడండి, అది సున్నా ఇస్తే రెండూ ఒకటే. పోల్చిన తర్వాత, ఒప్పయినా తప్పయినా, లెక్కను సున్నా చేసి, అర్రే మొదటి గడిలో నల్ పెట్టడం మర్చిపోవద్దు. నల్ పెట్టకపోతే పాత పిన్ అర్రేలోనే ఉండిపోయి, ఊరికే హ్యాష్ నొక్కినా తలుపు తెరుచుకుంటుంది.

పెద్ద ఎస్‌తో రాసే స్ట్రింగ్ వాడొచ్చు కదా అని కొందరంటారు. నాలుగంకెలకు పనిచేస్తుంది. కానీ ఊనోలో ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లు. స్ట్రింగ్ పెరిగినప్పుడల్లా కొత్త చోటు వెతుక్కుంటూ మెమరీని చిల్లర చిల్లర చేస్తుంది. నెలల తరబడి ఆపకుండా నడవాల్సిన తాళానికి నేనైతే వాడమని చెప్పను.

ఇక మొదటి గడిలోనే ఎందుకు ఆగుతోంది? మీ లూప్ (స్కెచ్‌లో ఆగకుండా మళ్లీ మళ్లీ నడిచే భాగం) మొదట్లో క్లియర్ ఉంది. క్లియర్ అంటే తుడవడమే కాదు, కర్సర్‌ను మొదటి గడికి తెచ్చి పెట్టడం కూడా. ప్రతి లూప్‌లో తుడిచి, మొదటి గడిలో తాజాగా నొక్కిన అంకె రాస్తున్నారు. పక్కకెలా జరుగుతుంది? క్లియర్‌ను సెటప్‌లో (మొదట్లో ఒక్కసారే నడిచే భాగంలో) ఒకసారి, స్క్రీన్ పూర్తిగా మారేటప్పుడు ఒకసారి వాడండి, అంతే. మిగతా వేళల్లో మారిన గడి ఒక్కటే రాయండి. డిస్‌ప్లే మినుకుమినుకుమనడం కూడా దీంతోనే పోతుంది.

అలాగని ఏదీ తుడవకపోయినా ఇబ్బందే. 100 రాసి ఉన్న చోట 99 రాస్తే 990 అని కనిపిస్తుంది, పాత చివరి సున్నా అక్కడే ఉండిపోతుంది కాబట్టి. సంఖ్య చివర రెండు ఖాళీలు కలిపి రాయడం సులువైన విరుగుడు. ఇంకో విచిత్రం: 16వ గడి దాటి రాస్తే అక్షరాలు రెండో వరసకు రావు, మాయమవుతాయి. హెచ్‌డీ44780 రకం కంట్రోలర్‌లో వరసకు 40 అక్షరాల మెమరీ ఉంది, మనకు కనిపించేది అందులో 16. మిగతావి తెర వెనక పడుతున్నాయి, అంతే.

మూడో సమస్య, నొక్కినా పలకకపోవడం. లూప్ చివర 1000 డిలే, అంటే ఒక సెకను ఆగమని పెట్టారు. కీప్యాడ్ లైబ్రరీ తనంతట తాను బటన్లను చూస్తూ కూర్చోదు, మీరు గెట్‌కీ అని పిలిచినప్పుడే ఒకసారి చూస్తుంది. మనిషి బటన్ మీద వేలు ఉంచేది సెకనులో చిన్న భాగం. ఊనో సెకను నిద్రలో ఉండగా నొక్కి వదిలేస్తే దాని దృష్టిలో మీరు నొక్కనే లేదు. ఆ డిలే తీసేయండి. బటన్ వణుకు (ఒక్క నొక్కు చాలాసార్లు నొక్కినట్టు పడటం) కోసం పెట్టానంటారేమో, దాన్ని ఆపే పని, అంటే డిబౌన్స్, లైబ్రరీయే చేస్తుంది. మార్క్ స్టాన్లీ, అలెగ్జాండర్ బ్రెవిగ్ రాసిన ఆ లైబ్రరీలో డిబౌన్స్ ముందే 10 మిల్లీసెకన్లుగా ఉంటుంది. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంటే సెట్‌డిబౌన్స్‌టైమ్‌తో 30 చేయండి, 50 దాటించకండి.

తప్పు పిన్ అన్న సందేశం రెండు సెకన్లు నిలవాలంటే? మిల్లిస్ వాడండి, బోర్డు మొదలై ఎన్ని మిల్లీసెకన్లయిందో అది చెబుతుంది. సందేశం రాసిన క్షణం అన్‌సైన్డ్ లాంగ్‌లో దాచుకుని, ప్రతి లూప్‌లో ఇప్పటి మిల్లిస్‌లోంచి దాన్ని తీసేసి 2000 దాటిందా అని చూడండి. మిల్లిస్ 49 రోజులు దాటాక మళ్లీ సున్నాకు వచ్చినా తీసివేత రూపంలో రాస్తే లెక్క తప్పదు. అంకె అరసెకను కనబడి స్టార్‌గా మారడం కూడా ఇదే పద్ధతి.

ఐ2సీ నెమ్మది కూడా తెలిసి ఉండాలి. వెనకున్న పీసీఎఫ్8574 చిప్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఒక్క అక్షరాన్ని రెండు ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఎనేబుల్ అనే తీగను (ఇప్పుడు చదువుకో అని ఎల్‌సీడీకి చెప్పేది) పైకీ కిందికీ కొట్టి పంపాలి. అక్షరానికి 1 మిల్లీసెకను పైనే పడుతుంది, 32 గడులూ నింపితే 40 మిల్లీసెకన్ల దాకా. లూప్‌కొకసారి స్క్రీన్ మొత్తం రాస్తే కీప్యాడ్ చూసే తీరికే ఉండదు. మారిన గడి మాత్రమే రాయమనడానికి ఇంకో కారణం ఇదే.

ఇప్పుడు వైర్లు. కీప్యాడ్ ముఖం మీ వైపు ఉండగా ఎడమ నుంచి 8 పిన్లు. సాధారణంగా మొదటి నాలుగూ వరసలు, తర్వాతి నాలుగూ నిలువులు. 1వ దాన్ని ఊనో 9కి, అలా దిగుతూ 8వ దాన్ని 2కి కలపండి. స్కెచ్‌లో వరసలు 9, 8, 7, 6. నిలువులు 5, 4, 3, 2. 0, 1 పిన్లు ముట్టుకోకండి, అవి యూఎస్‌బీ సీరియల్‌వి. 13 కూడా వదిలేయండి. నానో లాంటి బోర్డుల్లో దానికి ఎల్‌ఈడీ తగిలించి ఉంటుంది, లోపలి పుల్-అప్ (పిన్‌ను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) దాని ముందు నిలవదు. విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు, వరసలకు లోపలి పుల్-అప్‌లను లైబ్రరీయే ఆన్ చేస్తుంది. ఎల్‌సీడీకి గ్రౌండ్, 5 వోల్టులు, ఎస్‌డీఏ ఎ4కి, ఎస్‌సీఎల్ ఎ5కి. మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్తే రెండు రకాల జంపర్లూ తెచ్చుకోండి. కీప్యాడ్ రిబ్బన్ చివర రంధ్రాలుంటాయి కాబట్టి మేల్ టు మేల్, ఐ2సీ బోర్డుకు పిన్లు పైకుంటాయి కాబట్టి మేల్ టు ఫీమేల్. ఎల్‌సీడీ కూడా ఐ2సీ బోర్డు ముందే సోల్డర్ చేసినది అడిగి తీసుకోండి. విడివిడిగా కొంటే 16 కాళ్లు మీరే అతికించుకోవాలి. ఒక్క కాలు సరిగా అంటకపోయినా పిచ్చి అక్షరాలొస్తాయి.

అన్ని కీప్యాడ్లూ ఒకే పిన్ క్రమంలో రావు. ఏ బటన్‌కి ఏం వస్తోందో సీరియల్ మానిటర్‌లో పదహారూ చూసుకోండి, తప్పులో ఉన్న నమూనాయే కారణం చెప్పేస్తుంది. 1 నొక్కితే డి, 2 నొక్కితే సి, 5 నొక్కితే 9 వస్తూ, ఎ, 6, 8, స్టార్ మాత్రం సరిగ్గా వస్తుంటే రిబ్బన్ తిరగబడింది. తీసి అటుదిటు గుచ్చండి. 1, 5, 9, డి సరిగ్గా ఉండి 2 నొక్కితే 4 వస్తుంటే వరసలూ నిలువులూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి, స్కెచ్‌లో రెండు పిన్ జాబితాలను మార్చేస్తే చాలు. ఒక వరస మొత్తం, లేదా ఒక నిలువు మొత్తం పలకకపోతే ఆ ఒక్క వైరు వదులు. ఒకే ఒక్క బటన్ పలకకపోతేనే కీప్యాడ్‌ని అనుమానించాలి. మల్టీమీటర్‌తో చూసేటప్పుడు బీప్ మీద ఆధారపడకండి. మెంబ్రేన్ బటన్లలో నొక్కినప్పుడు కూడా పదుల నుంచి వందల ఓమ్స్ ఉండొచ్చు, బీప్ మోగదు. ఓమ్స్ 2కె రేంజ్‌లో పెట్టి 1 నొక్కి, 1వ, 5వ పిన్ల మధ్య చూడండి.

ఎల్‌సీడీ వైపు కష్టాలు ఎక్కువగా రెండే. బ్యాక్‌లైట్ వెలిగి అక్షరాలు లేకపోతే కాంట్రాస్ట్ మార్చే, వెనకున్న నీలం ప్రీసెట్‌ను చిన్న స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పండి. స్కెచ్‌ను పదిసార్లు మార్చే ముందు ఈ పని చేయాలి. పై వరసలో మాత్రం నిండు పెట్టెలు కనబడుతుంటే కాంట్రాస్ట్ బాగుంది, కానీ డిస్‌ప్లేకి మొదలుపెట్టే ఆదేశం అందలేదు. అంటే చిరునామా తప్పు, లేదా ఎస్‌డీఏ ఎస్‌సీఎల్ తారుమారు. పీసీఎఫ్8574 చిప్ ఉంటే మామూలుగా హెక్స్ 27, చివర ఎ ఉన్న చిప్ అయితే హెక్స్ 3ఎఫ్. ఐ2సీ స్కానర్ స్కెచ్ ఎక్కిస్తే ఏదో అదే చెబుతుంది. లిక్విడ్‌క్రిస్టల్ ఐ2సీ అనే పేరుతో ఒకటికి మించి లైబ్రరీలున్నాయి. కొన్నిటికి ఇనిట్ అనాలి, కొన్నిటికి బిగిన్. మీరు దించుకున్న దానితో వచ్చిన ఉదాహరణ తెరిచి అందులో ఏముందో అదే రాయండి. ఊనో బదులు ఈఎస్‌పీ32 అనే ఇంకో బోర్డు వాడాలనుకునేవాళ్లకు ఒక మాట: దాని పిన్లు 3.3 వోల్టులవి, ఈ ఐ2సీ బోర్డు మీదున్న పుల్-అప్‌లు 5 వోల్టులకు లాగుతాయి. మధ్యలో లెవెల్ షిఫ్టర్ (రెండు వోల్టేజీల మధ్య సిగ్నల్‌ను మార్చేది) పెట్టండి.

తెలుగులో సందేశం రాయొచ్చా అన్నారు. ఈ ఎల్‌సీడీ అక్షరాల పట్టికలో తెలుగు లేదు. సొంతంగా చేసుకోగలిగేవి 8 అక్షరాలు, ఒక్కోటి 5 బై 8 చుక్కలు. ఆ ఐదు చుక్కల వెడల్పులో ఒత్తులూ గుడులూ పట్టవు. తెలుగే కావాలంటే 128 బై 64 ఓలెడ్ తీసుకుని మాటను బొమ్మగా చేసి వేయాలి. ఆ స్క్రీన్ బఫర్‌కే 1024 బైట్లు, అంటే ఊనో ర్యామ్‌లో సగం పోతుంది. మినీ ప్రాజెక్టుకి ఎల్‌సీడీయే చాలు.

తాళం తగిలించాక రాబోయే సమస్య ఇప్పుడే చెబుతాను, ఎందుకంటే అది సరిగ్గా డెమో రోజే వస్తుంది. 12 వోల్టుల సొలినాయిడ్‌ను (తాళం గడియను లాగే తీగచుట్టను) రిలే (ఊనో చెప్పినట్టు ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్) వదిలేసిన క్షణంలో దాని చుట్టలోంచి వెనక్కి వోల్టేజీ తన్నుతుంది. ఆ దెబ్బకు ఎల్‌సీడీలో గజిబిజి అక్షరాలొస్తాయి, స్కెచ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. కారణం, ఎల్‌సీడీ అక్షరాన్ని నాలుగేసి బిట్ల రెండు ముక్కలుగా తీసుకుంటుంది. అలజడికి ఒక ముక్క అదనంగా పడితే ఆ తర్వాత ప్రతి అక్షరంలోనూ రెండు ముక్కలూ అటుదిటవుతాయి, ఊనోకి ఆ సంగతి తెలియదు. సొలినాయిడ్ రెండు తీగల మీద 1ఎన్4007 డయోడ్ వేయండి, వెండి గీత ప్లస్ వైపు ఉండాలి. 12 వోల్టులు విడి అడాప్టర్ నుంచి ఇవ్వండి. ఊనో పిన్ నుంచి 20 మిల్లీఆంపులకు మించి లాగకూడదు కాబట్టి రిలే మాడ్యూల్ తప్పనిసరి. ఎల్‌సీడీ 5 వోల్టులు, గ్రౌండ్ మధ్య, దాని కాళ్ల దగ్గరే, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 100 నానోది ఒకటి పెట్టండి. ఐ2సీ వైర్లను రిలే పక్కనుంచి పోనివ్వకండి. ఇవన్నీ చేశాక కూడా, తాళం మూసిన ప్రతిసారీ ఎల్‌సీడీని మళ్లీ ఇనిట్ చేసే ఒక లైను స్కెచ్‌లో ఉంచండి.

పిన్ మార్చుకునే సదుపాయానికి ఎ బటన్ వాడండి. కొత్త పిన్ రెండుసార్లు అడిగి, రెండు అర్రేల్లో వేసుకుని, రెండూ కలిస్తేనే కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ మెమరీలో దాచండి. రైట్ బదులు అప్‌డేట్ ఫంక్షన్ వాడితే మారిన బైటు మాత్రమే రాస్తుంది. ఒక్కో గడి లక్ష రాతల వరకు ఓర్చుకుంటుంది కాబట్టి పిన్‌కి ఇబ్బంది లేదు, లూప్‌లో పెట్టి ఊరికే రాయకుండా ఉంటే చాలు. కొత్త చిప్‌లో ఈఈప్రామ్ గడులన్నీ 255తో ఉంటాయి. మొదటి గడిలో 255 కనిపిస్తే ఇంకా ఎవరూ పిన్ పెట్టలేదని అర్థం, అప్పుడు స్కెచ్‌లో రాసిన పిన్‌నే అడగాలి. మూడు తప్పులకు ముప్పై సెకన్ల నిషేధం పెడతానన్నారు, మంచిదే. తప్పుల లెక్కను కూడా ఈఈప్రామ్‌లోనే ఉంచండి. లేకపోతే ప్లగ్ పీకి పెడితే లెక్క మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది.